ఊపిరి దీపాలు

అన్నం ఉడక్కపోవడం దగ్గర మొదలైంది ఇదంతా. నవ్వొస్తే ఇప్పుడే నవ్వేయండి, తరవాత ఎలాగూ నవ్వలేరు.

చీనా దేశాన్ని సాంగ్ చక్రవర్తులు ఏలుతున్న రోజులు. పడమటి కొండల్లో ఉప్పుబావుల ఊరొకటి ఉండేది. సముద్రం అక్కడికి నెలల ప్రయాణం. అయినా ఆ ఊరికి ఉప్పు లోటు లేదు. వెదురు తాడుకి ఇనుప ఉలి కట్టి, కొండరాతిని ఏళ్ళ తరబడి పొడిచి పొడిచి, అరచెయ్యంత వెడల్పున పాతాళం దాకా బావి దింపేవారు. కొన్నిట్లోంచి ఉప్పునీళ్ళు వచ్చేవి. కొన్నిట్లోంచి మండే వాయువు వచ్చేది. ఆ వాయువుని వెదురు గొట్టాల్లో ఇళ్ళకి తెచ్చుకుని, గొట్టం చివర నిప్పంటించి, దానిమీదే ఉప్పు కాచుకునేవారు, దానిమీదే కూడు వండుకునేవారు.

మెంగ్ చియావో ఆ ఊరి పిల్ల. తాతా తండ్రీ బావులు దింపినవాళ్ళే. భర్త లూ జెన్ ఉప్పు కచేరీలో గుమాస్తా. కొలువు పరీక్షకి కూర్చున్న ప్రతిసారీ తప్పినవాడు, పుస్తకాల పురుగు, నోట్లో నాలుక లేని మనిషి.

ఒక మధ్యాహ్నం జెన్ భోజనానికి వస్తే అన్నం పలుకు పలుకుగా ఉంది. ఇదేం వంట అని అతను అడగలేదు పాపం. అడిగే మనిషి కాదు. నములుతూ కూర్చున్నాడు. చియావోకే ఒళ్ళు మండింది.

"ఆ పళ్ళు ఊడగొట్టుకోకండి. పొయ్యిలో మంట లేదు. పొద్దున్నుంచీ గొట్టం ఊపిరి బిగబట్టుకు కూర్చుంది."

మర్నాడు భూమి కదిలింది. అటక మీద కుండలు దొర్లాయి, కోళ్ళు అరిచాయి, అంతే. సద్దుమణిగాక చూస్తే పొయ్యిలో మంట ఎప్పటిలా ఎగిసి మండుతోంది. ఇంకొకరైతే కుండలు ఏరుకుని మరచిపోయేవారు. జెన్ మరచిపోలేదు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మంటనే చూస్తూ ఉండిపోయాడు.

"చియావో, నిన్న నువ్వన్నావే, ఊపిరి బిగబట్టిందని. మనిషి ఎప్పుడు ఊపిరి బిగబడతాడు?"

"బరువెత్తే ముందు."

"అదీ."

ఆ మాటలోంచే పుట్టింది వాళ్ళ యంత్రం. ఊరి చుట్టూ కొండల మీద ఎండిపోయిన పాత బావులు బోలెడున్నాయి. ఉప్పు లేదని వదిలేసిన వాటిలో సన్నగా వాయువు మాత్రం వస్తూనే ఉంటుంది. దిక్కుకొక బావిని ఎంచుకుని, వాటినుంచి వెదురు గొట్టాలు ఇంటిదాకా తెచ్చారు. అతుకుల దగ్గర నూనె, సున్నం కలిపిన ముద్ద మెత్తింది చియావోనే. ఆ చెయ్యి తండ్రి దగ్గర నేర్చింది. వంటింటి వెనక గదిలో, ఊరగాయ జాడీల చాటున, వరసగా దీపాలు వెలిగించారు. ఏ దిక్కున భూగర్భంలో రాయి బిగుసుకుంటే ఆ దిక్కు దీపం ముందు కుంగేది. కొన్నాళ్ళు కుంగి ఉండి, తరవాత నీలంగా మారేది. నీలంగా మారిన పూట భూమి కదిలేది.

ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ సరిపోయింది. జెన్ పసిపిల్లాడిలా మురిసిపోయాడు. కానీ ఎవరితో చెప్పుకుంటాడు? ఆకాశంలో చుక్కలు చదివే హక్కు, భూమి సంకేతాలు చదివే హక్కు కొలువుకే ఉంది. నేల కదిలిందంటే రాజు పాలన మీద పైలోకం అలిగిందని అర్థం. అలాంటి కబురు ముందుగా చెప్పే యంత్రం గుమాస్తా వంటింట్లో దొరికితే గొలుసులు వేసి ఎల్లలు దాటిస్తారు. అందుకే ఊరగాయ జాడీల చాటు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, సూయిన్. పసితనంలో మశూచి సోకి కళ్ళు తేలేసింది. అప్పుడు చియావో కరుణామూర్తి గ్వాన్‌యిన్ తల్లి బొమ్మ ముందు పడి, బిడ్డని దక్కిస్తే నీకే ఇచ్చేస్తానని మొక్కింది. బిడ్డ దక్కింది. బుగ్గల మీద మచ్చలు మిగిలాయి, మొక్కూ మిగిలింది. కాస్త ఊహ తెలిశాక సూయిన్‌ని బైషీ పట్నంలో పెద్ద విహారం పక్కనున్న సన్యాసినుల మఠానికి అప్పగించి వచ్చారు. బైషీ తూర్పున, ఒక పూట ప్రయాణం. పండగలకి వెళ్ళి చూసేవారు. ఇప్పుడా పిల్లకి పద్నాలుగో ఏడు. గుండు చేయించుకుంది, బూడిదరంగు బట్టలు కట్టింది, అయినా తల్లి కనపడగానే చెవిలో అడిగేది మాత్రం ఊరగాయ.

"ఆవకూర ఊరగాయ తెచ్చావా అమ్మా? ఈసారి వెల్లుల్లి వెయ్యలేదు కదా? పోయినసారి గురువమ్మ వాసన పట్టేసింది."

"ఒక్క రెబ్బే కదే వేశాను."

"ఒక్క రెబ్బకే జాడీ అంతా ఆవిడ లాగేసుకుంది. పారేసిందో తినేసిందో బుద్ధుడికే తెలియాలి."

ఆ పిల్ల గొంతు బాగుంటుందని, తాళం తప్పదని, ప్రార్థనల్లో చెక్క చేప వాయించే పని ఇచ్చారు. చేప ఆకారంలో తొలిచిన బోలు చెక్క అది, చిన్న కర్రతో కొడితే టక్ టక్ మంటుంది. చేపకి రెప్పలుండవు, ఎప్పుడూ మెలకువే. మీరూ అలా మెలకువగా ఉండండని దాని అర్థం. ప్రార్థనకి కూర్చున్నవాళ్ళు దాని తాళానికే పలుకుతారు. ప్రదక్షిణకి లేస్తే దాని వెనకే నడుస్తారు. చేప ఎటు వెళ్తే వరస అటు వెళ్ళాల్సిందే, అడ్డు ప్రశ్నలుండవు.

ఆ ఏడు చలికాలం చివర్లో తూర్పు దీపాలు కుంగాయి. ఒకటి కాదు, తూర్పువైపున్నవన్నీ. వేలంత మంటలు గోరంత అయిపోయాయి. అంతలా కుంగడం వాళ్ళెప్పుడూ చూడలేదు. చియావో చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"బైషీ వైపే," అన్నాడు జెన్.

"నేను పోయి పిల్లని తెచ్చుకుంటాను."

"తెచ్చుకుని?"

"తెచ్చుకుని ఏమిటి, తెచ్చుకుని ఇంట్లో కూర్చోబెట్టుకుంటాను. మొక్కు తప్పిన పాపం నా నెత్తిన పడనీ."

జెన్ ఆమె చేతిలో గరిటె తీసి పక్కన పెట్టాడు. తరవాత మెల్లిగా అన్నాడు. "ఇంటికి తెచ్చాక అది అడుగుతుంది, గురువమ్మ ఏదమ్మా అని. పక్క పడక పిల్ల ఏదని అడుగుతుంది. అంత ఊరుంది అక్కడ. ముందే తెలిసీ నిన్నొక్కదాన్నే తెచ్చుకున్నామని ఆ పిల్ల మొహం చూసి చెప్పగలవా?"

చెప్పడం తన వల్ల కాదు. ఆ సంగతి చియావోకీ తెలుసు. తెలిసినందుకే ఏడుపొచ్చింది.

"అయితే పోయి బైషీ దొరకి చెప్పండి. ఏమని చెబుతారు? వెదురు గొట్టాలూ, వంటింట్లో దీపాలూ అంటారా? నవ్వి పంపేస్తే మీ అదృష్టం."

"నిజం అదే కదా మరి."

"నిజాన్ని వాళ్ళకి మింగుడుపడేలా చెప్పండి. చేదు మందు బెల్లంలో పెట్టి ఇవ్వమూ? భూదేవి అలిగిందని చెప్పండి. కలలో కనపడి, బైషీ మీద కోపంగా ఉన్నానందని చెప్పండి. కొలువు వాళ్ళు కోపానికి భయపడతారుగానీ గొట్టానికి భయపడరు. ఆ తరవాత జనాన్ని పొలాల్లో పడుకోబెట్టమని అడగండి."

జెన్ జన్మలో అబద్ధమాడలేదు. దారి పొడుగునా ఆ మాటలు వల్లె వేసుకుంటూ వెళ్ళి ఉంటాడు.

మర్నాడు మధ్యాహ్నం చియావో జాడీలోకి ఊరగాయ ఎత్తుతోంది. జనమంతా పొలాల్లో ఉంటే వంటలెక్కడ, పిల్లకి కూట్లోకి ఏదైనా ఉండాలి కదా అని. వెల్లుల్లి వెయ్యలేదు. అప్పుడే బైషీనుంచి ఖాళీ ఉప్పుబండి తోలుకుని పావ్ మావయ్య వచ్చాడు. ముసలాయన మొహం వెలిగిపోతోంది.

"మీ ఆయన గొప్ప పని చేశాడమ్మాయ్. పాలకుడు ఫాన్ దొర ఆయన చెప్పింది విని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తప్పు నాదే, నా పాలనలో ఏదో లోపముంది అన్నాడు. ఇలాంటి దొరని నేను పుట్టాక చూడలేదు."

చియావో గుండె మీద బరువు దిగిపోయింది. "ఎక్కడికి పంపుతున్నాడు మావయ్యా జనాన్ని? పొలాలకేనా, ఏటి గట్టుకా?"

"పొలాలకెందుకూ? పెద్ద విహారానికి. భూదేవి అలిగితే క్షమాపణ చెప్పుకోవద్దూ? కసాయి దుకాణాలు మూయించాడు, చెరసాల తలుపులు తీయించాడు. ఇవాళ ఊరు ఊరంతా మహామంటపంలో చేరి ప్రార్థన. చంటిపిల్లల్తో సహా ఒక్కరు కూడా ఇంట్లో ఉండకూడదని దండోరా. దొరే చెప్పుల్లేకుండా, వాళ్ళమ్మని వీపున మోసుకుని వెళ్ళాడు. నీ కూతురే చేప వాయించేది, తెలుసా?"

జాడీ చేతిలోంచి జారిపోయింది.

ఆ మంటపం ఆమెకి తెలుసు. కిందటేడే పాత స్తంభాల మీద కొత్తగా ఇంకో అంతస్తు వేసి, ఏనుగంత కంచు గంట ఎక్కించారు. భూమి కదిలితే ఆ ఊళ్ళో ఎవరూ నిలబడకూడని చోటు ఏదైనా ఉంటే అది అదే. తను చెప్పిన మాట ఊరందరినీ ఏరి ఏరి తీసుకుపోయి సరిగ్గా దాని కింద కూర్చోబెట్టింది. ఇంటి దీపమే కదా అని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదా అంటారు. ఇక్కడ కాలింది మూతి కాదు, కడుపు.

వెనక గదిలోకి పరిగెత్తి చూసింది. తూర్పు దీపాలు నీలంగా ఉన్నాయి.

బండి కంచరగాడిదని విప్పుకుని ఎక్కింది. పావ్ మావయ్య వెనకనుంచి ఏదో అరుస్తూనే ఉన్నాడు. ఆ కొండదారిలో ఆమె ఏ దేవుడికీ మొక్కలేదు. ఒకసారి మొక్కిన మొక్కే చాలనుకుంది.

కొండ కనుమ ఎక్కేసరికి కిందనుంచి ప్రార్థన వినపడింది. ఊరంతా ఒక్క గొంతుతో బుద్ధుడి పేరు పలుకుతోంది. బైషీ వీధుల్లో మనిషి లేడు. కుక్కలు మాత్రం ఊరు వదిలి కట్టగట్టుకుని ఎదురొస్తున్నాయి. విహారం మెట్ల మీద జెన్ కనిపించాడు. అంగీ చిరిగి ఉంది, గొంతు పోయింది.

"ఎవరూ కదలట్లేదు చియావో. తెల్లారినప్పట్నుంచీ చెబుతున్నాను. గొట్టాల సంగతి, దీపాల సంగతి, అంతా చెప్పేశాను. భూదేవి అలిగిందని నిన్న చెప్పింది నువ్వే కదా, ఇవాళ క్షమాపణ మధ్యలో లేచిపొమ్మంటావా అని బయటికి గెంటారు. సూయిన్ దగ్గరికి కూడా పోనివ్వలేదు."

ఆడవాళ్ళ వైపు వెళ్తున్న చియావోని ఎవరూ ఆపలేదు. లోపల మంటపం కిక్కిరిసి ఉంది. ఒకవైపు ఆడవాళ్ళు, పిల్లలు. ఇంకోవైపు మగవాళ్ళు. ముందు ఫాన్ దొర నుదురు నేలకి ఆనించి ఉన్నాడు, పక్కన వాళ్ళమ్మ. వాళ్ళకి ఎదురుగా సూయిన్, ఒళ్ళో చెక్క చేప. తల్లిని చూసి కళ్ళతో నవ్వింది, తాళం మాత్రం తప్పలేదు.

చియావో దాని పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. "లే తల్లీ. బయటికి రా. ఈ కప్పు కూలిపోతుంది. ఇవాళే, ఇప్పుడే."

"నాన్న ఏదో అరుస్తున్నాడని విన్నాను. నిజమేనా అమ్మా?"

"నిజమే. కల అబద్ధం. దీపాలు నిజం. నమ్మాలని ఆ అబద్ధం నేనే చెప్పించాను."

సూయిన్ కాసేపు తాళం వేస్తూనే ఆలోచించింది. బుగ్గల మీద మశూచి మచ్చలు తెల్లబడ్డాయి.

"కూలిపోతుందని అరిస్తే సగంమంది నమ్మరు, మిగతా సగం గుమ్మంలో తొక్కుకు చస్తారు. ఉన్నది ఒక్క గుమ్మం." అంతలో దానికేదో తోచింది. "ప్రదక్షిణకి లేపుతాను. నా వెనకే నడు. ఆగకు. నువ్వాగితే వరస ఆగుతుంది."

చేప చేతపట్టుకుని లేచి నిలబడింది. తాళం మారింది, నడక తాళం. సూయిన్ ఆడవాళ్ళ వరస ముందుకెళ్ళి ఒక్కసారి వంగి లేచింది. అంతే, ఏమిటని ఒక్కరూ అడగలేదు. చంకన పిల్లలతో, చేతికర్రలతో, ఒకరి వెనక ఒకరు లేచి చేప వెనక నడిచారు. సన్నటి దారంలా వరస గుమ్మంలోంచి బయటికి వచ్చింది. జెన్ మెట్ల పక్కన నిలబడి ముసలివాళ్ళని చెయ్యిపట్టి దించుతున్నాడు. ముంగిలి దాటాక, బయటి ద్వారం దగ్గర సూయిన్ ఆగి పక్కకి తప్పుకుంది.

"ఇలాగే కవాతు మైదానం దాకా తీసుకుపో అమ్మా. పేరు పలుకుతూ నడు, వాళ్ళు వస్తారు."

"నువ్వో?"

"రెండో వరస ఉంది కదా."

"వద్దే. నాన్న వెళ్తాడు."

"నాన్న వెనక ఎవరు నడుస్తారమ్మా? చేప వెనకైతే నడుస్తారు." అని, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఊరగాయ తెచ్చావా?" అంది.

"తెచ్చాను," అంది చియావో. ఆమె కల్పించిన రెండో అబద్ధం.

ఆగితే వరస ఆగుతుంది. వెనక వందలమంది, చంటిపిల్లలు. చియావో నడిచింది. నోటితో బుద్ధుడి పేరు పలుకుతోంది, చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. టక్ టక్ దూరమైంది, మంటపంలోకి వెళ్ళింది, లోపల తాళం మారింది. మళ్ళీ నడక తాళం. వస్తున్నారు. చేప గుమ్మం దాటిన చప్పుడు తెలిసింది. కానీ మళ్ళీ వెనక్కి తిరిగింది. ఎందుకో తరవాత జెన్ చెప్పాడు. ఫాన్ దొర లేవలేదట. తప్పు నాది, నేను కదిలితే క్షమాపణ చెల్లదు అన్నాడట. ఆయన్ని చూసి వరస మధ్యలో తెగిపోయింది. తెగిన చోటినుంచి మిగతావాళ్ళని లేపడానికి ఆ పిల్ల మళ్ళీ లోపలికి వెళ్ళింది.

మైదానంలో చియావో కాళ్ళకింద నేల గుర్రంలా అదిరింది. అందరూ పడ్డారు. పడినవాళ్ళకి ఏమీ కాలేదు, పైన ఆకాశమే కదా ఉంది. కంచు గంట మాత్రం ఒక్కసారి మోగింది. ఎవరూ కొట్టకుండానే మోగి, ఆగిపోయింది. ఆ తరవాత ఎంత చెవులు రిక్కించినా టక్ టక్ వినపడలేదు.

దూలాలు తీసేటప్పుడు చేప ముందు దొరికింది. ఒకవైపు బీట వారింది. పిల్ల దాని పక్కనే ఉంది.

రాజధానినుంచి కొత్త అధికారి వచ్చి విచారణ జరిపాడు. జెన్ ఈసారి గొట్టాల సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు, శిక్షకి కూడా సిద్ధపడ్డాడు. ఆయన వినలేదు. భూదేవి కలలో చెప్పిందన్న మాట దండోరాలోకి ఎక్కిపోయింది, దాన్ని మార్చడం కుదరదట. ప్రదక్షిణ చేసినవాళ్ళ భక్తి ఫలించిందనీ, కూర్చున్నవాళ్ళ భక్తి చాలలేదనీ తేల్చారు. మంటపం మళ్ళీ కట్టాలన్నారు, ఇంకా పెద్ద గంటతో. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ వరం ఏమిటో కూడా వాళ్ళకి తెలియలేదు.

ఇంట్లో చాలాకాలం ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఒకనాడు భోజనం దగ్గర చియావో కంచంలో చెయ్యి పెట్టి ఊరుకుంది.

"ఆ మాట నాది. నేనన్నాను."

"చెప్పిన నోరు నాది," అన్నాడు జెన్. "పిల్లని తెచ్చుకుంటానని నువ్వన్నావు. వద్దన్నది కూడా ఈ నోరే."

ఇద్దరూ ఏడ్చారు. అన్నం ఆ రోజు బాగానే ఉడికింది, తినలేకపోయారు. దీపాలు ఆర్పేద్దామని చియావో చాలాసార్లు వెనక గదిలోకి వెళ్ళింది. ప్రతిసారీ గొట్టాల అతుకులు సరిచేసి వచ్చింది.

జుట్టు నెరిశాక ఒక వానాకాలం దక్షిణపు దీపం కుంగింది, తరవాత నీలమైంది. దక్షిణాన దగ్గర్లోనే ఏటి ఒడ్డున ఒక పల్లె ఉంది. చియావో ఎవరికీ కబురు పెట్టలేదు. బీటవారిన చేప చేతపట్టుకుని బయలుదేరింది. జెన్ కర్ర ఊతంగా వెంట నడిచాడు. పల్లె మొదట్లో నిలబడి నడక తాళం వేసింది. బీట వల్ల చప్పుడు కాస్త బొంగురుగా వస్తుంది, బాగుచేయించడానికి ఆమె ఒప్పుకోలేదు.

గుమ్మాల్లోంచి జనం తొంగిచూశారు. ఎవరో ముసలావిడ వచ్చి వెనక చేరింది. ఆవిడ వెనక కోడలు, కోడలి చంకలో పిల్ల. వీధి దాటేసరికి వరస కట్టారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. ఊరవతల ఖాళీ పొలంలో అందరూ కూర్చున్నాక జెన్ ఒక్కొక్క ఇంటి పేరూ అడిగి చూసుకున్నాడు.

"అందరూ వచ్చేశారు చియావో. కూర్చో ఇంక."

చియావో కూర్చోలేదు. చేప వాయించుకుంటూ మళ్ళీ ఊళ్ళోకి నడిచింది.

"ఎక్కడికి? లోపల ఎవరూ లేరు. విన్నావా, ఎవరూ లేరు."

"రెండో వరస ఉంది కదండీ," అంది చియావో, ఆగకుండా.

జెన్ కర్ర పారేసి, ఆమె వెనకే నడిచాడు.